సందేహాలు – సమాధానాలు: బొంత అంటే చిన్నతనమా?

సందేహం: మా ఇంట్లో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతున్నాను. పాత చీరలతో, మిగిలిన గుడ్డముక్కలతో కుట్టుకోదగ్గ వస్తువుల నమూనాలన్నీ చేర్చి, డబ్బు తీసుకోకుండా పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నాం. 'ఇంట్లో ప్రయత్నించదగిన ఉచిత క్విల్టింగ్ మరియు ఋతుసంబంధ కుట్లు' అని పేరు అనుకున్నాను. క్విల్ట్‌ను బొంత అని రాస్తే, 'అతుకుల బొంత అనేది తిట్టు కదా!' అని మా పిల్లలే ముఖం చిట్లిస్తున్నారు. స్తరసీవనం, మెత్తకుట్టు అని తెలిసినవాళ్ళు సూచించారు. ఏది రాయాలి? వంటింటి పాట్ హోల్డర్‌కు 'పాత్రధారకం' సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: బొంత అనే రాయండి. స్తరసీవనం అని రాసినా, అదేమిటని అడిగిన ప్రతివాళ్ళకూ మళ్ళీ 'అదేనమ్మా, బొంత' అని చెప్పక తప్పదు.

అలాగని మీ పిల్లల అనుమానం ఊరికే పుట్టింది కాదు. పేపరు తిరగేస్తే గుంతలు పూడ్చిన రోడ్డు అతుకుల బొంత, నాలుగు పార్టీలు కలిసి నడిపే ప్రభుత్వం అతుకుల బొంత. ఇద్దరికి ఇద్దరూ సరిపోయారని ఎగతాళి చేయాలంటే గంతకు తగ్గ బొంత. (ఇక్కడ గంత అంటే బరువు మోసే పశువు వీపున వేసే మెత్త. కళ్ళకు కట్టే గంత కాదు.) మోటుగా, లావుగా ఉన్నదానికి ముందు బొంత చేర్చడం కూడా మనకు అలవాటే: బొంతకాకి, బొంతజెముడు, బొంతరాయి. కూరకు పనికొచ్చే లావుపాటి బొంత అరటి సరేసరి.

ఈ చిన్నచూపు ఇవాళ్టిది కాదు. భర్తృహరి శ్లోకంలో 'కంథాధారీ' అన్నచోట ఏనుగు లక్ష్మణకవి 'ఒకచో బొంత ధరించు' అని తెనిగించాడు. మనలో చాలామంది బడిలో వల్లెవేసిన పద్యమే. మేలైన బట్టలకు ఎదురుగా నిలబెట్టడానికి ఆయనకు తట్టిన మాట బొంత. అయితే మీ పిల్లలకు ఆ పద్యం చివరిదాకా చదివి వినిపించండి. అందులో బొంత కప్పుకున్నవాడు కార్యసాధకుడు. కష్టాన్నీ సుఖాన్నీ లెక్కచేయనివాడు.

పైగా ఆ సంస్కృతపు 'కంథ'కే బెంగాల్లో ఏం జరిగిందో చూడండి. అక్కడి ఆడవాళ్ళు పాత చీరలు పొరలుగా పరిచి కుట్టుకున్న కప్పుడు బట్ట పేరు కాంథా. ఇవాళ అదే కుట్టు పట్టుచీర మీదికెక్కి, మన ఊళ్ళ దుకాణాల్లో కూడా వేల రూపాయలు పలుకుతోంది. కాంథా చీర కొనుక్కునేవాళ్ళెవరికీ ఆ పేరు నామోషీ కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్‌లో నల్లజాతి ఆడవాళ్ళు అరిగిపోయిన పనిబట్టలు చింపి బొంతలు కుట్టారు. 2002లో వాటిని హ్యూస్టన్‌లో మ్యూజియం గోడల మీద వేలాడదీశారు. 2006లో అవి తపాలాబిళ్ళలెక్కాయి. అక్కడా వాటిని చలికి కప్పుకోవడానికే కుట్టారు, మన పల్లెల్లోలాగే. తెలంగాణలో బుడగ జంగాల ఆడవాళ్ళకు బొంతలు కుట్టడం ఒక బతుకుతెరువు. మరాఠీవాళ్ళకు గోధడీ, కన్నడంవాళ్ళకు కౌది ఉన్నాయి. చేతిలో మాట ఉండి మనమే ఇంగ్లీషు మాట వెతుక్కుంటున్నాం.

ఇక మీ పిల్లలు తిట్టు అనుకున్న 'అతుకుల బొంత' దగ్గరే కాసేపు ఆగుదాం, మీ పుస్తకానికి కావలసిన పారిభాషికపదాలు రెండూ అందులోనే ఉన్నాయి. పై గుడ్డ కోసం రంగురంగుల ముక్కలు ఒకదానికొకటి కలపడం ఒక పని. అది అతుకు. ఆ పై గుడ్డనూ, మధ్య పొరనూ, అడుగు గుడ్డనూ కలిపి ఈ చివరి నుంచి ఆ చివరికి కుట్టడం వేరే పని. అలా కుడితే అయ్యేది బొంత. ఇంగ్లీషులో ప్యాచ్‌వర్క్, క్విల్టింగ్ అని రెండు మాటలుగా చెప్పేదాన్ని పేపరువాళ్ళు రోజూ ఒక్క గుక్కలో అనేస్తున్నారు. ముక్కలే లేకుండా నిండు చీర పైన వేసి కుట్టినా బొంతే. ఒక్క పొరతో సరిపెట్టిన బల్లగుడ్డకు ఎన్ని ముక్కలు కలిపినా అది అతుకుపనే తప్ప బొంత కాదు. కాబట్టి అతుకుపని, బొంతకుట్టు అని రాస్తే సరి. గొలుసుకుట్టు, కాడకుట్టు, అద్దాలకుట్టు ఉన్న ఇంట్లోకి బొంతకుట్టు అడిగి రానక్కర్లేదు.

చిరుగుకు వేసే అతుకును మాసిక అని కూడా అంటారు. చిరిగినచోట వేరే గుడ్డ పెట్టకుండా దారంతోనే నేతలా పూడిస్తే అది రఫూ. మూడూ కలగాపులగం చేయకండి.

పని చెప్పే వాక్యాలు కూడా నోటి తెలుగులోనే ఉండనివ్వండి. మీరు పంపిన పేజీలో 'వస్త్రస్తరాలను తాత్కాలిక సీవనంతో స్థిరీకరించవలెను' అని ఉంది. ఇది చదివి ఎవరూ సూది పట్టరు. ఇలా ఉంటే? 'మెత్తబడ్డ నూలు చీర మడత పెట్టి నేల మీద ముడతల్లేకుండా పరవండి. పైన మధ్య పొర, ఆపైన అతికిన గుడ్డ వేయండి. నాలుగు మూలలా బరువు పెట్టండి. నడిమి నుంచి అంచులకు పెద్దపెద్ద కచ్చాకుట్లు వేసుకోండి. అంచులు లోపలికి మడిచి, వేలెడేసి ఎడంతో వరసలుగా కుట్టుకుంటూ రండి. అంతా అయ్యాక కచ్చాదారం లాగేయండి.' నడిమి నుంచి ఎందుకంటే, అంచుల నుంచి మొదలుపెడితే గుడ్డ మధ్యకు జరిగి బుడగలా లేస్తుంది. ఈ కారణం కూడా పుస్తకంలో వేయండి. పొరలు మందమై మామూలు సూది దిగకపోతే దబ్బనం. దానికి పెద్దసూది అని అర్థం ఇవ్వాల్సిన రోజులు వచ్చాయేమో!

దుప్పటి, గొంగడి నేసేవి. బొంత కుట్టేది. దూది నింపింది రజాయి. (దుప్పటిలో 'దు' అంటే రెండు. రెండు గుడ్డలు కలిపి కుట్టిందని తొలి అర్థం. ఆ సంగతి ఇప్పుడు దుప్పటికే గుర్తులేదు.)

పాత్రధారకం వద్దు. పాత్రధారి అంటే నాటకంలో వేషం వేసేవాడు. వేడిగిన్నె దించేదాన్ని తెలుగిళ్ళలో మసిగుడ్డ అంటారు. మీది రంగురంగుల అతుకులతో ముచ్చటగా ఉంది కనుక మసి అనడానికి మనసొప్పకపోతే 'గిన్నె దించే గుడ్డ' అనండి. పసిబిడ్డను చుట్టే బట్టలకు మీరు రాసిన 'శిశు ఆవరణం' కొట్టేసి పొత్తిళ్ళు అని రాయండి. అంత మెత్తని మాట ఏ భాష నుంచీ తెచ్చుకోలేం.

'ఋతుసంబంధ కుట్లు' మాత్రం తక్షణం తీసేయండి. ఋతుపవనాల్లాంటివి తప్పిస్తే, తెలుగులో ఋతు అని మొదలైన సమాసం ఎక్కువగా వైద్యం వైపే పోతుంది, కుట్లు అనగానే 'ఎన్ని కుట్లు పడ్డాయి?' అని అడుగుతారు. రెండూ పక్కపక్కన పెడితే ఆస్పత్రి బోర్డవుతుంది. మీ వస్తువుల జాబితా చూస్తే సంక్రాంతికి గంగిరెద్దు బొంత పోలికలో గుమ్మానికి కట్టే తోరణం, ఎండల్లో మంచినీళ్ళ కుండ కిందికి గుడ్డపేలికల కుదురు, వానల్లో గడప దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా, చలికి చంటిపిల్లల బొంత ఉన్నాయి. వీటికి 'పండగలకూ కాలాలకూ కుట్టుపనులు' చాలు. ప్రాజెక్టు అన్నా తప్పులేదు, బడిపిల్లలందరికీ తెలిసిన మాటే.

'ఉచిత' గురించి మీరు అడగలేదు కానీ, మీ పేరులో అది ఉండకూడనిచోట ఉంది. సంస్కృతంలో ఉచితం అంటే తగినది. సముచితం, అనుచితం, ఉచితానుచితాలు అన్నప్పుడు మనకూ అదే అర్థం. విడిగా వాడితే మాత్రం తెలుగులో డబ్బు తీసుకోనిది. 'ఉచిత క్విల్టింగ్' అంటే బొంత మీరే ఊరికే కుట్టిస్తారనుకుని పాత చీరల మూటతో జనం మీ ఇంటికొస్తారు. ఊరికే ఇస్తున్నది నమూనాలు, కుట్టుకోవాల్సింది వాళ్ళు. 'మరియు' కూడా అక్కర్లేదు. 'ప్రయత్నించదగిన' కూడా అంతే, పుస్తకం తీసుకున్నవాళ్ళు ప్రయత్నించక ఏం చేస్తారు!

అట్ట మీద 'ఇంట్లో బొంతకుట్టు' అని పెద్దక్షరాల్లో, దాని కింద 'పండగలకూ కాలాలకూ కుట్టుపనుల నమూనాలు' అని చిన్నక్షరాల్లో వేయించండి. డబ్బు తీసుకోవడం లేదన్న సంగతి వెనక అట్ట మీద చెప్పొచ్చు. ఊరికే పంచే పుస్తకాలకు మన అచ్చాఫీసులవాళ్ళు ఎప్పటినుంచో వేస్తున్న మాట ఉండనే ఉంది: 'వెల: అమూల్యం'.