మా హీరోకి తిరుపతి అంటే ప్రాణం, చదివితే మాత్రం టూరిజం బోర్డులా ఉంది. ఎక్కడ తప్పు?

మీరు అడిగింది ఇదీ: నవలలో కుర్రాడిది తిరుపతి, ఉద్యోగం హైదరాబాద్‌లో, సొంతూరంటే విపరీతమైన గర్వం. ప్రతి అధ్యాయంలో ఏడుకొండలో, లడ్డూనో, ‘మా తిరుపతి’ అన్న మాటో వస్తూనే ఉంది. అయినా చదివినవాళ్లెవరికీ ఆ గర్వం అంటడం లేదు.

అంటదు. తిరుపతిని అట్లా పొగిడేది రైలు దిగి వచ్చినవాడు. ఊళ్లో పుట్టినవాడికి ఉండేది పట్టింపు. ఫలానా దాన్ని ఫలానా పేరుతోనే పిలవాలి, ఫలానా రోజు ఫలానా పనే చెయ్యాలి అనే మొండితనం. మీ కుర్రాడి నోట్లోంచి పొగడ్తలన్నీ తీసేసి, వాటి చోట నాలుగు పట్టింపులు పెట్టండి. అంతకు మించి చెయ్యాల్సింది పెద్దగా లేదు.

మొదటిది కొండ. బయటివాళ్లు ‘తిరుపతి వెళ్లొచ్చాం’ అంటే దర్శనం చేసుకొచ్చామని. ఊరివాడికి పైనున్నది కొండ, కిందున్నది ఊరు. వాడు మాటల్లో తిరుమల అనడు, ‘కొండకు పోయి రెండేండ్లయింది’ అంటాడు. అవును, రెండేళ్లే. పక్కింట్లో ఉన్న దేవుడి దగ్గరికి రోజూ ఎవరు పోతారు? రెండో అధ్యాయంలో అలిపిరి మెట్లు 3550 అని వాడి చేత చెప్పించారు. ఆ లెక్క మొక్కుకుని వచ్చినవాడిది. ఊరివాడు చెప్పేది వేరుగా ఉంటుంది: గాలిగోపురం దాకా ఊపిరి ఆడదు, అది దాటితే కాస్త కాళ్లు సాగుతాయి, మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ పట్టేస్తుంది, తొందరుంటే శ్రీవారిమెట్టు వైపు పోండి. ఆఫీసులో ఎవరైనా ‘దర్శనం టికెట్లు చూస్తావా, రూము దొరుకుతుందా’ అని అడిగితే ముందు విసుక్కుంటాడు. ఆ తర్వాత పది నిమిషాలు ఆపకుండా దారి చెబుతాడు. ఆ పది నిమిషాలు రాయండి చాలు, ‘మా తిరుపతి’ అన్న మాట అక్కర్లేదు.

రెండోది గంగజాతర. మీ నవలలో ఇది అసలు లేదు, అందుకే నాకు అనుమానం వచ్చింది. ఊరి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ జాతర లేని తిరుపతి కుర్రాడు ఉండడు. మేలో వస్తుంది. మంగళవారం అర్ధరాత్రి చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊళ్లో ఉన్నవాళ్లు పొలిమేర దాటి రాత్రి నిద్ర చెయ్యకూడదని పెద్దవాళ్ల పట్టింపు. కథకుడికి ఇంతకంటే మంచి గడియారం దొరకదు.

దీన్ని ఇట్లా వాడుకోండి. కుర్రాడు ఏదో కాగితాల పని మీద సోమవారం ఊరికొచ్చాడు. మంగళవారం రాత్రి తొమ్మిదికి హైదరాబాద్ బస్సు. అది ఎక్కితే చాటింపుకు ముందే ఊరు దాటినట్టు, ఏ చిక్కూ లేదు. ఎక్కకపోతే ఎనిమిది రోజులు ఇరుక్కున్నట్టే. సెలవు లెక్క కూడా సరిచూసుకోండి: బుధ, గురు, శుక్ర, మళ్లీ సోమ, మంగళ, బుధ. ఆరు పనిదినాలు. ఎనిమిదిన్నరకు వాళ్లమ్మ ఇంకో దోసె వేస్తుంది. ‘తిని పోరా, బస్సు యాడికీ పోదు’ అంటుంది. వాడు చాటింపునీ మూఢనమ్మకాలనీ ఎగతాళి చేస్తూనే ఊరుబిండి పచ్చడి అద్దుకుని తింటాడు. తొమ్మిదిం పావుకి చెయ్యి కడుక్కుంటాడు. బస్సు పోయిందని ఎవరూ అనరు. వాళ్ల నాయన లేచి వాకిలి తలుపు గడియ వేస్తాడు. మర్నాడు పొద్దున వీడు మేనేజరుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెబుతాడు. గర్వం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు చూడండి.

ఇక్కడ రచయితలు చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. జాతరలో మొక్కుకున్నవాళ్లు రోజుకో వేషం వేస్తారు, ఆ వరస తారుమారు చెయ్యకండి. బైరాగి వేషానికి ఒంటికి తెల్ల నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. ఆ తర్వాత మాతంగి, సున్నపుకుండలు. తోటి వేషం రోజు వాడి ఒంటి మీద కుంకుమ పూస్తే ఊరివాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు. చీర కట్టిన మగవాళ్లను కామెడీ చెయ్యకండి. మీసం తియ్యకుండానే చీర, రవిక, వేపాకు దండ వేసుకుని నడిచేవాడిది మొక్కు, వాణ్ణి చూసి ఊళ్లో నవ్వేవాళ్లుండరు. వేషంలో ఉన్నవాళ్లు తిట్టే బూతుల్ని కూడా శుద్ధి చెయ్యకండి. ఆడవాళ్లను చెరిచిన పాలెగాణ్ణి గంగమ్మ వెతికి వెతికి చంపిన కథ అది, వాడు దాక్కున్న చోటి నుంచి బయటికి రావాలంటే తిట్టాలి మరి.

జాతర ముగిసే బుధవారం తెల్లవారుజామున గుడి ముందు మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపానికి చెంప నరుకుతారు. ఆ మట్టి కోసం జనం ఒకరి మీద ఒకరు పడతారు. మీ కుర్రాడికి చిటికెడు దొరికిందనుకోండి, కాగితంలో మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. హైదరాబాద్ గదిలో కాకినాడ రూమ్మేటు ఆ పొట్లం విప్పి ‘ఏంట్రా ఇది, ఇటుకపొడా?’ అంటాడు. వీడు ‘ముట్టుకోబాక’ అంటాడు, అంతే. వివరణ ఇప్పించారంటే సీను చచ్చిపోతుంది. పాఠకుడికి అర్థమవుతుందో లేదో అన్న భయంతో రెండు పేరాలు విడమరిచి చెప్పే రోగం ఈమధ్య అందరికీ ఉంది.

మూడోది, వాడికి ఒక్క తప్పుడు గొప్ప ఇవ్వండి. సొంతూరి అభిమానం ఎప్పుడూ చరిత్ర కంటే రెండడుగులు ముందు నడుస్తుంది. ‘రాధాకృష్ణన్ గారు మా జిల్లాయనే’ అననివ్వండి. ఆయన పుట్టిన తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే, అంతవరకు నిజం. కానీ ఆయన పుట్టింది 1888లో, చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. ‘ఆయన పుట్టినప్పుడు నీ జిల్లానే లేదు గదరా’ అని రూమ్మేటు అన్నప్పుడు వీడి మొహం చూపించండి. లేదా ‘మద్రాసు స్థలం ఇచ్చిందే మా చంద్రగిరి రాజు’ అననివ్వండి. 1639లో ఇంగ్లీషువాళ్లతో మాట్లాడుకున్నది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన పైన ఉన్న విజయనగర రాయలుది చంద్రగిరి. కాబట్టి వీడి మాట సగం చెల్లుతుంది, ఆ సగం కోసమే అర్ధరాత్రి దాకా వాదిస్తాడు. పేరు ముందు చిత్తూరు పెట్టుకున్న సినిమా నటుడు నాగయ్య గారు పుట్టింది రేపల్లెలో అని ఎవరైనా అంటే, ‘పుడితే ఏం, పేరు పెట్టుకున్నది మా ఊరిది’ అంటాడు. దానికి జవాబు లేదు.

ఈ గొప్పలు రాసేముందు కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. తిరుపతి వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. మీ కథ 2018లోది, అందులో ‘తిరుపతి జిల్లా’ అని రెండుచోట్ల ఉంది. మదనపల్లి కూడా అదే రోజు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. వాడి పెదనాన్న అరవై దాటినవాడైతే 2023లో కూడా ‘మదనపల్లి మన జిల్లానే’ అంటాడు, టాగూర్ 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే అని కలుపుతాడు. కాగితం మీద జిల్లా మారినంత తొందరగా నోట్లో మారదు.

మామిడి గురించి క్లుప్తంగా. వాడు బంగినపల్లి అనకూడదు, బేనీషా అనాలి. వాళ్ల మామ రైతు అన్నారు కాబట్టి ఆయనది తోతాపురి అయి ఉంటుంది. తోతాపురి రైతు కాయ రుచి గురించి మాట్లాడడు, గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు ఎన్ని గంటలు నిలబడిందో, కాయలు కొనే ర్యాంపులో కిలో ఎంతకు అడిగారో చెబుతాడు. జూన్, జూలైల్లో చెబుతాడు. మీరు డిసెంబరులో చెప్పించారు. డిసెంబరు కావాలంటే అనపకాయలు ఉన్నాయి. గింజలు వలిచి రాత్రంతా నీళ్లలో నానేసి, పొద్దున ఒక్కో గింజనూ బొటనవేలితో నొక్కితే పొట్టులోంచి పప్పు చటుక్కున బయటికి దూకుతుంది. అదే పితికిపప్పు. నానడం చాలకపోతే పొట్టు ఊడదు, గోళ్లు నొప్పెడతాయి, గింజ చితుకుతుంది. ఇంట్లో నలుగురు చుట్టూ కూర్చుని పితికితేగాని కూరకు సరిపడా రాదు. వాడి ఇంటి సంభాషణలన్నీ ఆ పళ్లెం చుట్టూ పెట్టుకోవచ్చు.

ఇక భాష. అసలు నేను చెప్పాలనుకున్నది ఇదే, మీరు అడగలేదు. సినిమాల పుణ్యమా అని రాయలసీమ అంటే అంతా ఒకటే మాట, ఒకటే సుమో అయిపోయింది. కర్నూలు మాట వేరు, చిత్తూరు మాట వేరు. మీ కుర్రాడు ఒక పేజీలో ‘ఉగ్గాని తిందాం’ అంటాడు, అది కర్నూలు, అనంతపురం వైపుది. ఇంకో పేజీలో ‘ఏందిరా బై’ అంటాడు, అది ఏ దారిన వచ్చిందో మీకే తెలియాలి. యాస అంతా గుప్పించకండి. నాలుగైదు క్రియలు పట్టుకుని చివరిదాకా వదలకుండా నడపండి: ఉంది అంటే ఉండాది, ఉన్నాడు అంటే ఉండాడు, వచ్చాడు అంటే వచ్చినాడు, వెళ్లాను అంటే పోయినాను, ఎక్కడ అంటే యాడ. హైదరాబాద్ ఆఫీసులో వీటిని దాచిపెట్టుకుంటాడు, అమ్మ ఫోన్ చెయ్యగానే బయటికొస్తాయి. ‘పోతాను’ అన్న మాట కోస్తావాళ్లకు మొరటుగా వినిపిస్తుంది, రూమ్మేటు దాని మీద వెక్కిరించాడంటే అక్కడ ఒక మంచి గొడవ పెట్టుకోవచ్చు. ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళదుంప ఉర్లగడ్డ, మరమరాలు బొరుగులు. ఇవి మాత్రం ఇంట్లో ఒక్కసారి కూడా తప్పకూడదు.

మీ మొదటి అధ్యాయం నాలుగో పేజీలో వాళ్లమ్మ గుడి దగ్గర ‘కొబ్బరికాయ కొట్టు నాన్నా’ అంటుంది. ముందు అది మార్చండి. ‘టెంకాయ కొట్టు నాయనా.’