శాస్త్రిగారు మంత్రి నుంచి ప్రధాని దాకా

ప్రశ్న: రైల్వే మంత్రిగా రాజీనామా చేసిన లాల్ బహదూర్ శాస్త్రి ప్రధాని ఎలా అయ్యారండీ? – డిగ్రీ విద్యార్థిని, మండపేట

జవాబు: ఆ రాజీనామాయే ఆయన్ని జనానికి దగ్గర చేసిందమ్మా. 1956లో అరియలూరు రైలు ప్రమాదానికి బాధ్యత తనదేనని తప్పుకున్నారు. తర్వాత రవాణా, వాణిజ్యం, హోం శాఖలు చూశారు. 1963లో, పెద్ద నాయకులు పదవులు వదిలి పార్టీ పని చూడాలన్న కామరాజ్ ప్రణాళిక కింద మళ్ళీ పదవి వదిలారు. నెహ్రూ జబ్బుపడ్డాక 1964 జనవరిలో శాఖలేని మంత్రిగా తిరిగొచ్చి, నెహ్రూ పోయాక జూన్ 9న ప్రధాని అయ్యారు.

నాకైతే ఆయన పేరు వింటే ధాన్యమే గుర్తొస్తుంది. భారత ఆహార సంస్థ, పంటల ధరల కమిషన్ రెండూ 1965 జనవరిలో ఆయన హయాంలోనే మొదలయ్యాయి. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు కళ్ళంలో గుప్పెడు గింజలు అరచేతిలో నలిపి, తేమ ఉందంటూ ధర తెగ్గోసే కమీషన్‌దారుల్ని చూస్తూ పెరిగాను. రైతుకు ఇంత దక్కాలని ప్రభుత్వమే లెక్క కట్టడం మా డెల్టాకు ఎంత ధైర్యమో! ప్రధానిగా 19 నెలలే ఉన్నారు. ఆయన ఇంకొన్నేళ్ళు ఉండాల్సిందమ్మా.