తమ్మీ, ఎవరికి హాని?

తమ్మీ,

నీ వ్యాసం ముట్టింది. కల్వకుర్తి నుంచి వచ్చేటప్పుడు బస్సులో ఒకసారి, రాత్రి అన్నం తిన్నాక ఇంకోసారి చదివాను. బూతు వీడియోల మీద రాయాలంటే మన దగ్గర పేరున్న రచయితలే వెనక్కి తగ్గుతారు. ఇంట్లో ఏమనుకుంటారో అని టెన్షన్ పడుతూ కూడా నువ్వు రాశావు, ముందుగా అందుకు సంతోషం.

కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "అశ్లీల చిత్రాల వల్లే అత్యాచారాలు పెరుగుతున్నాయని పరిశోధనలు తేల్చాయి" అన్నావు. ఏ పరిశోధనలు, ఎవరు చేశారు? అమెరికా ప్రభుత్వం వేసిన కమిషన్ 1970లో, ఇవి చూడటం వల్ల నేరాలు పెరుగుతాయనడానికి ఆధారం దొరకలేదంది. పదహారేళ్లకు, 1986లో, అదే దేశంలో ఇంకో కమిషన్ హింస కలిసిన బొమ్మలకూ ఆడవాళ్ల మీద దాడులకూ సంబంధం ఉందని రాసింది, అందులోనే ఉన్న ఇద్దరు మహిళా సభ్యులు ఆ మాట ఒప్పుకోలేదు. ఇన్నేళ్లుగా వాదన నడుస్తున్న విషయాన్ని నువ్వు ఒక్క ముక్కలో తేల్చేస్తే, కాస్త తెలిసిన పాఠకుడు పేపరు అక్కడే మడిచి పెట్టేస్తాడు. తర్వాత నువ్వు చెప్పిన మంచి మాటలు కూడా అతని దాకా పోవు.

యాదాద్రి జిల్లా హాజీపూర్ సంగతి కూడా ఎత్తావు. 2019లో ఆ ఊరి బావుల్లో ఆడపిల్లల శవాలు దొరికినప్పుడు నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. అప్పుడు మా వీధి టీ కొట్టు దగ్గర అందరూ ఫోన్లను తిట్టారు, నువ్వూ అదే రాశావు. మరి ఆ ఊరివాళ్లు ఏమడిగారో గుర్తుందా? బస్సు అడిగారు, వాగు మీద వంతెన అడిగారు. బస్సు లేక నడిచిపోయే పిల్లలకు లిఫ్టు ఇస్తానని ఆ పిల్లల్ని చంపినవాడు బండి ఆపేవాడు. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు వాడికి ఉరిశిక్ష వేసింది. ఫోన్ మీద ఒక పేజీ నింపి బస్సు మీద ఒక్క లైను కూడా రాయకపోతే ఆ ఊరికి అన్యాయం చేసినట్టే అవుతుంది. ఇది గట్టిగానే చెబుతున్నా, ఏమీ అనుకోకు.

హాని లేదని నేను అనడం లేదు తమ్మీ. నా కళ్లతో చూశాను.

నేను టీచరుగా ఉన్నప్పుడు మా బడిలో చదివి ఇంటర్‌కు పోయిన ఒక పిల్ల వీడియో బయటికొచ్చింది. ప్రేమించానన్నవాడే తీశాడు, వాడే పంచాడు. ఒక మధ్యాహ్నం ఆ వీడియో మా స్టాఫ్ రూమ్‌లోకే వచ్చింది. ఒక సారు చూసి "ఛీ ఛీ, కాలం చెడిపోయింది" అని, చెయ్యి చాపి ఫోన్ పక్కాయనకు ఇచ్చాడు. ఆయన చూసి అదే మాట అని ఇంకొకాయనకు ఇచ్చాడు. టిఫిన్ డబ్బా మూతలో ఉల్లిగడ్డ ముక్కలు పెట్టుకుని నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్లకు నేను మూడేళ్లు తెలుగు చెప్పాను. అయినా నోరు మెదపలేదు. వారం తిరగకముందే ఆమెను కాలేజీ మాన్పించి మేనమామ ఊరికి పంపారు. వాడు మాత్రం ఆ ఏడాది పరీక్షలు రాశాడు.

నీ వ్యాసంలో "సమాజం" అనే మాట పద్నాలుగు సార్లు ఉంది, లెక్కపెట్టాను. ఆ పిల్ల మాత్రం ఒక్కసారీ లేదు. సమాజం చెడుతోందని ఛీ ఛీ అన్నది ఆ స్టాఫ్ రూమే, ఫోన్ చేతులు మార్చింది కూడా ఆ స్టాఫ్ రూమే. అందుకే ఎవరికి హాని అని ముందు అడుగు. పెద్దవాళ్లు ఇష్టపడి నటించినదీ, చెప్పకుండా తీసినదీ, పిల్లల మీద జరిగినదీ అన్నీ ఒకే గంపలో వేశావు. చట్టం కూడా అలా వేయలేదు. పిల్లలవైతే ఐటీ చట్టం 67బీ సెక్షన్ కింద వెతికి చూడటం కూడా నేరమే. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది, వాటిని "పోర్న్" అని పిలవొద్దు, అది పిల్లల మీద జరిగిన అఘాయిత్యానికి రికార్డు అని. పేరు దగ్గర అంత జాగ్రత్త కోర్టుకే ఉన్నప్పుడు రాసేవాళ్లకు ఇంకెంత ఉండాలి?

నిషేధిస్తే పోతుందని ముగించావు. 2015 ఆగస్టులో కేంద్రం 857 సైట్లు మూయించి, గొడవయ్యాక కొద్ది రోజుల్లోనే చాలావాటిని వదిలేసింది. నిషేధం కావాలంటే అడుగు, తప్పు లేదు, కానీ ఇది కూడా రాసి అడుగు.

ఇక అసలు సంగతి. మొన్న ఫోన్‌లో మీ ఊరి సెల్ షాపు ముచ్చట చెప్పావు కదా. నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు అన్న మెమరీ కార్డులో పాటలు వేయించుకు రమ్మంటే పోయావు, షాపతను కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండానే "అవి కూడా వేయాల్నా?" అని అడిగాడు, ఏవో తెలియక "ఆ" అన్నావు, ఇరవై రూపాయలిచ్చి వచ్చావు. ఆ రాత్రి మేడ మీద దుప్పటి కప్పుకుని చూసి, తెల్లారి క్లాసులో ఆడపిల్లల వైపు చూడలేకపోయానన్నావు. ఇంత చెప్పినవాడివి వ్యాసంలో "యువత పెడదారి పడుతోంది" అని రాస్తే ఎలా? ఆ యువత నువ్వే కదా. ఆ దుప్పటి కింద ఏమనిపించింది, ఎవరినైనా అడగాలనిపించిందా, అడిగితే ఎవరు చెప్పేవారు? బడిలో ఇలాంటి సంగతులున్న పాఠం వస్తే పేజీ తిప్పేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అది కూడా రాయి, నొచ్చుకోను.

షాపు దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. దసరాకు వస్తానన్నావు, అప్పుడు తీసుకురా, కూర్చుని చూద్దాం.

ఆ పిల్ల గురించి రాయాలనిపిస్తే రాయి, కానీ ఏడాది, ఊరు, ఆనవాలు ఏదీ దొరకనీయకు. నేను కూడా ఇందులో కొన్ని మార్చే రాశాను. మొన్న ఒక పెళ్లిలో కనబడింది, పెద్ద బిడ్డ బడికి పోతోందట. నన్ను చూసి నమస్తే టీచర్ అంది, నేనే తల దించుకున్నాను.

అక్క
నల్గొండ