మా అమ్మకు మెట్లు ఎక్కడం కన్నా దిగడమే కష్టమైంది

నాన్నగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైందని, చేతికర్రతో నేల మీద నడుస్తున్నా మెట్లు ఎక్కలేకపోతున్నారని, మీ ఇల్లు రెండో అంతస్తులో ఉందని రాశారు. అందరూ ఒకేలా కోలుకోరు. కానీ నాలుగు నెలలకే ఆశ వదులుకోకండి. మా అమ్మకు 2021లో కుడివైపు పడిపోయింది. మొదటి మెట్టు ఎక్కింది అయిదో నెలలో. ఎవరి సాయం లేకుండా మేడ మీదికి వెళ్ళింది పదకొండో నెలలో.

మొదట్లో ఫిజియోథెరపిస్ట్ మమ్మల్ని మెట్ల దగ్గరికే వెళ్ళనివ్వలేదు. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, కుడికాలి మీద బరువు మోపి నిలబడడం, తర్వాత నాలుగంగుళాల చెక్క దిమ్మ మీద పాదం పెట్టి తీయడం. నెలన్నర ఇవే. అమ్మ విసిగిపోయి ఏడ్చేది. ఈలోగా పావురం రక్తంతో మర్దన చేయించమని చుట్టాలు చెబితే, ఆ హడావుడిలో వారం రోజులు వ్యాయామం మానేశాం. ఆ వారం తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. అమ్మ ఈ మాట పైకి అనుకుంటూనే అడుగు వేసేది. ఎక్కుతున్నప్పుడు మీరు ఒక మెట్టు కింద, వెనకాల, బలం లేని వైపు నిలబడండి. దిగుతున్నప్పుడు ముందు ఉండండి. బలం లేని చెయ్యి పట్టి మాత్రం లాగొద్దు. నేను తెలియక లాగాను, అమ్మ భుజం నొప్పి తగ్గడానికి రెండు నెలలు పట్టింది. నడుముకు బెల్టు కట్టి దాన్ని పట్టుకోవాలి.

మాకు ముందు తట్టనిది రెయిలింగ్ సంగతి. మా మెట్లకు ఒక పక్కనే ఉండేది. ఎక్కేటప్పుడు అమ్మ ఎడమచేతికి బాగానే అందేది. దిగడానికి ఇటు తిరిగితే అదే రెయిలింగ్ కుడివైపుకి వచ్చేది, ఆ చేతికి పట్టు లేదు. పై మెట్టు మీద భయంతో బిగుసుకుపోయింది. ఫిజియోథెరపిస్ట్ దగ్గరుండి వెనక్కి దిగడం నేర్పారు, అంటే ముఖం పైకే ఉంచి, ఎడమచేత్తో అదే రెయిలింగ్ పట్టుకుని. తర్వాత గోడవైపు ఇనుప పైపు బిగించాం. అప్పటినుంచి ముందుకి తిరిగే దిగుతోంది.

మీ మెట్లకు రెయిలింగ్ ఏ పక్కన ఉంది, నాన్నగారికి ఏ వైపు పడిపోయింది? అది రాయండి, ఫిజియోథెరపిస్ట్‌ని ఏమడగాలో చెబుతాను.