డాక్యుమెంటరీలు తీస్తానంటున్న అమ్మాయి, భయపడుతున్న తండ్రి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. అణగారిన వర్గాల జీవితాలపై డాక్యుమెంటరీలు తీస్తానంటోంది. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మేలా, జర్నలిజం పీజీ మేలా? ఇది బతుకుదెరువు అవుతుందా? అలాంటి వాళ్ల మధ్య ఆడపిల్ల తిరగడం కూడా మాకు ఇష్టం లేదు.

జవాబు: మీరు కోర్సుల గురించి అడిగారు గాని, చదువు ముగిశాక కూడా అమ్మాయి మీ సంపాదన మీదే ఆధారపడవలసి వస్తుందేమోనన్న భయమే మీ మాటల్లో ఎక్కువగా కనిపిస్తోంది. ఎందరో తల్లిదండ్రులు ఇదే భయంతో నా దగ్గరకు వస్తారు, అందులో తప్పేమీ లేదు. సొంత డాక్యుమెంటరీల ఆదాయంతోనే ఇల్లు గడిచేవారు ఈ రంగంలో తక్కువ. కెమెరా, ఎడిటింగ్, సౌండ్ రికార్డింగ్‌లలో ఏదో ఒకదాన్ని క్షుణ్ణంగా నేర్చుకుని, ఛానెళ్లకూ స్వచ్ఛంద సంస్థలకూ విశ్వవిద్యాలయాలకూ పనిచేస్తూ, ఆ డబ్బుతో తమ చిత్రాన్ని ఏళ్ల తరబడి తీసుకునేవారే ఎక్కువ. అటువంటి పని ఒకటి చేతిలో ఉన్న మనిషికి ఉపాధి దొరుకుతుంది, ఈ విషయంలో మీరు ధైర్యంగా ఉండవచ్చు.

పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ వంటి చోట్ల పనితనంతో పాటు జీవితాంతం కలిసి పనిచేసే సహచరులు దొరుకుతారు. జర్నలిజం చదువు విన్నదాన్ని సరిచూసుకునే అలవాటు నేర్పుతుంది. మీ అమ్మాయి ఉద్దేశానికి రెండూ పనికివస్తాయి కనుక, ఈ ఎంపిక గురించి నిద్ర మానుకోనవసరం లేదు.

నాకున్న సందేహం ఆ ఉద్దేశం గురించే. పేదల కష్టాన్ని చిత్రించి అంతర్జాతీయ ఉత్సవాలకు పంపడం ఇప్పుడు ఆకర్షణీయమైన మార్గంగా కనిపిస్తోంది. చిత్రానికి ఆర్థిక సాయం (గ్రాంటు) కోరుతూ దరఖాస్తులు రాయడం నేర్పే శిక్షణలు కూడా వచ్చాయి. కానీ చిత్రం పూర్తయ్యాక దర్శకులు మరో చిత్రానికి వెళ్లిపోతారు, తెరమీద ముఖం చూపినవారు మాత్రం అదే ఊళ్లో, అదే పెత్తందారుల మధ్య బతకాలి. ఉత్తరప్రదేశ్‌లో దళిత మహిళలు నడిపించే 'ఖబర్ లహరియా' వార్తాసంస్థపై వచ్చిన 'రైటింగ్ విత్ ఫైర్' చిత్రం 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అయితే ఆ సంస్థవారే, చిత్రం శక్తిమంతంగా ఉన్నా తమ పనిలో ఒక్క పార్శ్వాన్నే చూపిందని బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. ఏళ్ల తరబడి వెంట ఉండి తీసిన చిత్రానికే ఆ మాట వచ్చిందంటే, వారం రోజుల షూటింగుతో ఒక బస్తీ కథ చెప్పేస్తామనుకునేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. అనుమతి అంటే మొదటిరోజు తీసుకునే సంతకం ఒక్కటే కాదు. చిత్రీకరించేటప్పుడు ఒకసారి, ఎడిటింగ్ అయ్యాక ఒకసారి, నలుగురికీ చూపే ముందు మరోసారి అడగాలి, వద్దన్నప్పుడు ఎంత మంచి దృశ్యాన్నైనా వదులుకోవాలి.

ఇక, 'అలాంటి వాళ్లు' అన్న మీ మాట నాకు బాధ కలిగించింది. అమ్మాయి భద్రత గురించి అడగడం తండ్రిగా మీ హక్కు, కానీ మనుషులను దూరం పెట్టడానికి దాన్ని సాకుగా వాడకండి. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ శిక్షణతో, వ్యవసాయం చేసుకునే దళిత మహిళలు కెమెరా పట్టి, జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల కష్టనష్టాలను స్వయంగా చిత్రించారు. మీరు దూరంగా ఉంచాలనుకుంటున్న ఇటువంటివారి దగ్గర మీ అమ్మాయి శిష్యురాలిగా చేరగలిగితే అది ఆమె అదృష్టం. తమ కథ చెప్పుకోగలిగినవారికి ఆమె అవసరం దర్శకురాలిగా కాక ఎడిటర్‌గానో శిక్షకురాలిగానో ఉండవచ్చు, ఆ స్థానం ఆమెకు సమ్మతమేనా అని అడగండి.

డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఎవరైనా ఎడిటర్ దగ్గర పనికి పంపండి. ఆ ఏడాదిలోనే పది నిమిషాల చిత్రం ఒకటి తీసి, అందులో ఉన్నవారికే ముందుగా చూపించమనండి. వారు చెప్పిన మార్పులు విని, మళ్లీ ఎడిటింగ్‌కు కూర్చునే ఓపిక ఆమెకు ఉందని తేలితే, ఇన్‌స్టిట్యూట్ దరఖాస్తుకు మీరే ఫీజు కట్టండి.