సమాధానం: ముందు అద్దం కింద లేస్తున్న డ్యాష్‌బోర్డు తోలు

పన్నెండేళ్ల గ్రాండ్ టూరర్ కారులో (దూర ప్రయాణాలకు చేసిన వేగవంతమైన విలాస కారు) డ్యాష్‌బోర్డు తోలు అద్దం వైపు లేస్తోందనీ, కొబ్బరినూనె రాస్తే దిగుతుందా అనీ అడిగారు. దయచేసి రాయకండి, నూనె ఇంకితే జిగురు ఇంకా వదులుతుంది. విజయవాడ మే ఎండకు తేమ పోయి తోలు కుంచించుకుపోతుంది, అదే వేడికి జిగురు మెత్తబడుతుంది. అందుకే లాగి బిగించిన అంచు ముందు ఊడుతుంది.

వేలితో నొక్కితే అంచు లాగకుండానే చోటికి చేరుతోందా? అయితే అతికించవచ్చు. పాత జిగురు గీకేసి, వేడిని తట్టుకునే కాంటాక్ట్ జిగురును రెండు వైపులా పలుచగా పూయండి. వేలికి అంటనంతగా ఆరాకే చిన్న రోలర్‌తో నొక్కి, 24 గంటలు నీడలో ఉంచండి. తడి మీద అతికిస్తే నిలవదు. చోటికి చేరకపోతే కొత్త తోలే వేయించాలి.

ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట మాత్రం చెయ్యి పెట్టొద్దు. బ్యాగ్ ఆ తోలును చీల్చుకుని రావాలి కనుక వెనకవైపు సన్నగా గీత కోస్తారు, లేదా తేలిగ్గా తెగే దారంతో కుడతారు. సీటు కవర్లు కుట్టేవారు ఎంత నేర్పరులైనా, అక్కడ గట్టి నైలాన్ దారం వేస్తే బ్యాగ్ సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. ఆ భాగం ఎయిర్‌బ్యాగ్ పని తెలిసిన వర్క్‌షాపుకే ఇవ్వండి.