గైడ్ టూర్: టికెట్టు తలకా, బృందానికా?

ప్రశ్న: నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు కలిసి మూడు రోజులకు ఒక కొత్త నగరానికి వెళ్తున్నాం. ఒక్క రోజులో ఎనిమిది చోట్లు చూపించే బస్సు టూర్ ఉంది. కార్యక్రమం జతచేశాను. ఫోనులో మ్యాప్ ఉండగా గైడ్ దండగ అంటారు మా ఆయన. తీసుకోవాలా?

జవాబు: మీవారి మాట సగం నిజం. దారి చూపడానికి గైడ్ అక్కర్లేదు. అయితే సొంతంగా తిరిగినా బండి ఖర్చు తప్పదు కదా! టూర్ ధరలోంచి దాన్ని తీసేయండి. ప్రవేశ టికెట్లు కూడా కలిసి ఉంటే వాటినీ తీసేయండి. మిగిలిందే గైడ్‌కు మీరు పెట్టే అసలు ఖర్చు.

ఇక మీరు పంపిన కార్యక్రమం. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు 480 నిమిషాలు. భోజనానికి 60, ‘షాపింగ్ విరామం’ 45, ప్రయాణాలకు 20 చొప్పున 160 పోతే మిగిలేవి 215. అంటే ఒక్కో చోట 27 నిమిషాలు కూడా పూర్తిగా రావు. బస్సు దిగడం, తలలు లెక్కపెట్టడం, మళ్లీ ఎక్కడం అందులోనే. మీ అత్తగారు మెట్లు దిగి నిలదొక్కుకునేసరికి మిగతావాళ్లు తిరిగొస్తుంటారు. ఆ షాపింగ్ విరామం కూడా ఊరికే పెట్టరు. చాలాచోట్ల దుకాణాల నుంచి కమీషన్ ముడుతుంది.

ఒంటరిగా వెళ్తుంటే ఈ బస్సే ఎక్కమనేదాన్ని. మీరు అయిదుగురు. బస్సుకు తలకింత కట్టాలి, సొంత గైడ్ మాత్రం సాధారణంగా బృందం మొత్తానికి పూటకింత అని తీసుకుంటారు. ఆ మొత్తాన్ని అయిదుతో భాగించి చూడండి. బస్సు టికెట్టుకు దగ్గరగా వస్తే రెండో ఆలోచన వద్దు. కథ తెలియకపోతే ఉత్త రాళ్లుగా కనిపించే పాత కట్టడాలకే ఆ పూట కేటాయించండి. పార్కులకూ బజార్లకూ గైడ్ నిజంగానే దండగ.

‘ఉచిత’ నడక టూర్లని చూసి మురిసిపోకండి. చివర్లో టిప్పు ఇవ్వాలి. కొన్నిచోట్ల వచ్చిన ప్రతి మనిషికీ గైడే నిర్వాహకులకు ఎదురు కట్టాలి. పైగా ఆ నడక మీ అత్తగారి వల్ల కాదు. ఆవిడకు ఎక్కడైనా దిగి మళ్లీ ఎక్కే బస్సు నయం. దాని టికెట్టు 24 గంటలదైతే, మొదటిసారి ఎక్కినప్పటి నుంచి లెక్కిస్తారో లేదో అడగండి. అవునంటే మధ్యాహ్నం మొదలుపెట్టి మర్నాడు మధ్యాహ్నం దాకా వాడుకోవచ్చు.

డబ్బు కట్టే ముందు వారపు సెలవు చూసుకోండి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియమంతటిదే మంగళవారం తలుపులు మూస్తుంది. గైడ్‌ను మొదటి రోజే పెట్టుకోండి. మిగతా రెండు రోజులకు కావలసిన ప్రశ్నలన్నీ ఆ పూటే అడిగేయవచ్చు.